పిన్ని ల్యాప్‌టాప్‌కు ఎస్ఎస్‌డీ: విండోస్ పోకుండా మార్చిన తీరు

పర్లాకిమిడిలో మా పిన్ని వాడే ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ బాగా నెమ్మదించడంతో దాని స్థానంలో ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగంగా పనిచేసే డిస్క్) పెట్టాలనుకున్నాను. తెలుగు, ఒడియా కీబోర్డులతో సహా అన్నీ ఆవిడ ఏళ్ల తరబడి అమర్చుకున్నవే కనుక విండోస్‌ను మళ్లీ కొత్తగా ఎక్కించడానికి నాకు మనసొప్పలేదు.

ముందుగా ముఖ్యమైన ఫైళ్లను వేరేచోట దాచి, డిస్క్‌లోని సమాచారం ఇతరులు చదవకుండా తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్‌ను ఆపాను. పాతదానికంటే సామర్థ్యం తగ్గని 2.5 అంగుళాల సాటా (డిస్క్‌ను కంప్యూటర్‌కు కలిపే ఒక రకం కనెక్షన్) ఎస్ఎస్‌డీని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి, పెన్‌డ్రైవ్ నుంచి డిస్కులకు నకలు తీసే క్లోనెజిల్లా అనే సాఫ్ట్‌వేర్‌ను నడిపి, డిస్క్ మొత్తానికీ నకలు తీశాను. సి డ్రైవ్ ఒక్కదాన్నే కాపీ చేస్తే చాలదు. ఆన్ చేయగానే విండోస్‌ను లేపే ఈఎఫ్ఐ విభాగం విడిగా, కంటికి కనబడకుండా ఉంటుంది, అది రాకపోతే కొత్త డిస్క్ బూట్ కాదు. నకలు తీసేటప్పుడు మూలం ఏదో, గమ్యం ఏదో పేరు, సైజు చూసి రెండుసార్లు సరిచూసుకోవాలి, ఎందుకంటే అవి తారుమారైతే ఖాళీ డిస్క్ నకలు పాతదాని మీద పడి అందులోని సమాచారమంతా పోతుంది.

వెనక మూత తీశాక మొదట బ్యాటరీ కనెక్టర్‌ను ఊడదీశాను. పాత డిస్క్‌ను పట్టి ఉంచిన రేకు చట్రాన్ని విప్పి ఎస్ఎస్‌డీకి బిగించాను. అది లేకపోతే డిస్క్ లోపల కదులుతుంది.

తొలిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్క్‌ను తగిలించకూడదు, రెండింటి గుర్తింపూ ఒకటే కావడం వల్ల విండోస్ తికమకపడుతుంది. ఆ పాత డిస్క్‌ను కొన్ని వారాలు చెరపకుండా ఉంచమని పిన్నికి చెప్పాను.