ఎదురింటి రాయి

పొద్దున పాలకని గేటు తీస్తే ఎదురుగా రాయి. మోకాలెత్తుంది, సున్నం కూడా కొట్టారు. రాత్రికి రాత్రి ఎదురింటాయన పాతించేశాడు, మా కారు మళ్లకుండా. ఈయనకి చెప్తే "పోనీలేవే" అని పేపరు తిప్పాడు. ఈయన సంగతి మీకు తెలిసిందే కదా. ఆ కోపంలో పప్పులో ఉప్పు రెండుసార్లు వేశా.

చిన్నదానికి ఫోన్ చేస్తే "ఏందమ్మా, బిల్ కీస్ కథ మన వీధికొచ్చిందా" అని ఒకటే నవ్వు. అప్పట్నుంచీ అది తిప్పి చూపించిన ఆ కీస్ ఎడారే కళ్లముందు.

కాలిఫోర్నియాలో జాషువా ట్రీ పార్కు. "చిన్న కొండేమ్మా" అని రయన్ మౌంటెన్ ఎక్కించింది. పైకి ఒకటిన్నర మైలు, వెయ్యి అడుగుల పైచిలుకు ఎత్తు. అలిపిరి 3,550 మెట్లు ఎక్కేదాన్ని, నాకిదో లెక్కా అనుకున్నా. అలిపిరిలో నీడుంటుంది, ముందర ఎవరో గోవిందా అంటా పోతుంటారు. ఇక్కడ గోవిందా అనేవాళ్లూ లేరు, నిలబడడానికి నీడా లేదు. జాషువా చెట్టని పేరేగానీ అది మన కిత్తనారకు దాయాది. దాని కింద కూచుంటే నీడకంటే ముళ్లే ఎక్కువ.

మర్నాడు ఆ బిల్ కీస్ ఉండిన పొలం, కీస్ రాంచ్‌కి పోయాం. పార్కు ఉద్యోగి, రేంజరంటారు, వెంటుండి తిప్పుతాడు. ఆ బండల నడుమ నీళ్లకు కట్టలు కట్టి, పండ్లతోట పెంచి, పిల్లలకు బడి కూడా పెట్టుకున్నాడు ఆ మనిషి. పాత ఇనుము ఒక్కటీ పారేయలేదు, అచ్చం మా మామగారే! నాకు భలే నచ్చాడు. తర్వాత రేంజరు అసలు కథ ఎత్తుకున్నాడు. పక్క స్థలం వాడు బాగ్లీతో దారి తగాదా. 1943లో కాల్పులు, బాగ్లీ చచ్చిపోయాడు. ప్రాణం కాపాడుకోడానికే కాల్చానన్నాడు కీస్. అయినా శాన్ క్వెంటిన్ జైలు తప్పలేదు. భార్య ఉత్తరం రాస్తే, పెర్రీ మేసన్ అనే లాయరు కథలు రాసిన గార్డ్‌నర్ పట్టించుకుని, 1956లో క్షమాభిక్ష వచ్చేదాకా వదల్లేదు.

ఇంత జరిగినా, బయటికొచ్చినాక ఆ చోటే ఒక రాయి చెక్కి పాతాడంట. బాగ్లీ ఇక్కడ నా చేతిలో మట్టికరిచాడు, అని కింద తేదీతో సహా! మా తాత గెనిమ తగాదాలో పదిహేనేళ్లు కోర్టుకు తిరిగాడుగానీ, ఆయనక్కూడా ఇంత కక్ష లేదు. అంతకుముందు మెచ్చుకున్నదాన్ని, అక్కడితో కీస్ మీద మనసు విరిగింది.

అసలు ఇవాళ ఎదురింటాయన్ని తిడుతూ రాద్దామనే కూచున్నా. ఇంతసేపూ రాశాక గుర్తొచ్చింది, పోయినేడు మేడమీద గది కట్టినప్పుడు మా ఇసక కుప్ప మూడు నెలలు వాళ్ల గేటు ముందే ఉంది. వాళ్లావిడ రెండుసార్లు అడిగింది. "మేస్త్రీ రావాలక్కా" అన్నా రెండుసార్లూ.

అయినా సున్నం కొట్టాలా? అడిగితే కారు మేమే జరుపుకునేవాళ్లం కదా.

ఈయన గురక పెడుతున్నాడు. పొద్దున ముగ్గు రాయి దాకా వెయ్యాలో, ఇవతలే ఆపాలో ఇంకా తేలలేదు.