ని కింద చుక్క

పొద్దున పదకొండు దాకా అంతా బాగానే ఉంది. అత్తయ్యగారికి మోకాలి నొప్పి తగ్గింది, తనే లేచి దేవుడి గదిలోకి వెళ్లారు. చిన్నాడు డబ్బా మర్చిపోకుండా స్కూలుకి వెళ్లాడు. రెండో సంవత్సరం వాళ్ల క్లాసు అయ్యేసరికి మా స్కాలరమ్మాయి వచ్చి థీసిస్ నా బల్ల మీద పెట్టింది. నల్ల అట్ట, బంగారు అక్షరాలు, ఐదు కాపీలు. జిగురు వాసన ఇంకా పోలేదు. పై కాపీ తీసి నేరుగా చివరికి వెళ్లాను, కురంజి రాగం నొటేషను దగ్గరికి, అంటే పాటని స్వరాల్లో రాసిన పేజీల దగ్గరికి.

స ని స రి గ అని ఉంది. ని కింద చుక్క లేదు.

కింది వరస చూశాను, లేదు. నవరోజు రాగం పేజీ తిప్పాను, మొదట్లోనే ప ధ ని వస్తాయి, వాటి కిందా లేదు. నూట పది పేజీల అనుబంధంలో ఒక్కటంటే ఒక్క చుక్క లేదు. అమ్మాయి నా మొహం చూసి తన కాపీ తీసింది. ఇద్దరం ఏం మాట్లాడుకోకుండా పేజీలు తిప్పుతూ కూర్చున్నాం.

రాత్రి అన్నం దగ్గర ఈయనకి చెబితే "చుక్కే కదా" అన్నారు. అప్పటినుంచీ మనసు ఊరుకోవడం లేదు, అందుకే రాస్తున్నాను.

స్వరం కింద చుక్క పెడితే మంద్రస్థాయి, అంటే కింది స్థాయి, పైన పెడితే తారస్థాయి, అంటే పై స్థాయి, ఏమీ లేకపోతే మధ్యస్థాయి. ఏ పాటకైనా ఇది కావాలి. కానీ ఈ అమ్మాయి పరిశోధనకి ఇదే ప్రాణం. తను తీసుకున్నవి పై షడ్జం (స) దాకా వెళ్లని రాగాలు. నాదనామక్రియ, పున్నాగవరాళి నిషాదం (ని) దగ్గర ఆగిపోతాయి. కురంజి ధైవతం (ధ) దాకానే. నవరోజు పంచమం (ప) దాటదు. మన ఇళ్లల్లో లాలిపాటలు, పెళ్లిపాటలు చాలా ఈ రాగాల్లోనే నడుస్తాయి. అందరికీ తెలిసిన 'ముద్దుగారే యశోద' పాడేది కురంజిలోనే. ఆ రాగంలో ని ఉండేది షడ్జం కింద మాత్రమే. పైకి వెళ్తే ధ దగ్గర ఆగి వెనక్కి రావాలి. ఇప్పుడు మా పుస్తకం ప్రకారం పాడేవాళ్లు షడ్జం నుంచి ఒక్క గెంతులో పై నికి ఎగరాలి. ఆ రాగంలో లేని స్వరానికి! అది కురంజి అని మా సంతకాలతో అచ్చయింది.

పన్నెండింటికి అమ్మాయిని తీసుకుని డీటీపీ షాపుకి వెళ్లాను. జరిగింది ఇదీ. మూడేళ్ల కిందట అనుబంధం పాత రకం ఫాంటులో టైపు చేయించాం. అందులో కింది చుక్కకి, పై చుక్కకి విడిగా మీటలున్నాయి, పేజీ చక్కగా వచ్చేది. కానీ ఆ ఫాంటు పైకి మాత్రమే తెలుగు, లోపలంతా ఇంగ్లీషు అక్షరాల గళ్లల్లో తెలుగు బొమ్మలు కూర్చుని ఉంటాయి. ఎక్కడినుంచైనా ఎత్తి రాశామా అని కంప్యూటరు చూసే సిమిలారిటీ పరీక్షకి అది పనికిరాదు, మొత్తం యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుని తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతిలోకి, మార్చి ఇమ్మన్నారు. సరే, ఆ మాటలో న్యాయం ఉంది, కాదనను. మార్చే సాఫ్ట్‌వేరు కింది చుక్కని సున్నా అనుకుంది. ని అన్నచోటల్లా నిం అయి కూర్చుంది. షాపులో కుర్రాడికి అది టైపింగు తప్పులా కనిపించింది. నొటేషను గళ్లన్నీ సెలెక్ట్ చేసి ఒకే దెబ్బకి సున్నాలన్నీ తీసేశాడు. స్వరాల కింద ఉండే సాహిత్యంలో సున్నాలు కూడా వాటితోపాటే పోయాయి. 'ముంగిట ముత్యము' కాస్తా 'ముగిట ముత్యము' అయింది.

నేను గట్టిగానే అడిగాను. అతను కంగారేమీ పడలేదు. "మేడం, ఆ పేజీలు ఎవరు చూస్తారండీ? మార్జిన్లు, సర్టిఫికెట్లు చూస్తారు. అవన్నీ కరెక్టుగా పెట్టానండీ" అన్నాడు.

కోపం వచ్చింది గానీ జవాబు రాలేదు. అతను చెప్పింది అబద్ధం కాదు మరి. థీసిస్ ఇచ్చేముందు జరిగే ప్రీ-సబ్మిషన్ రోజు గంటన్నర కూర్చున్నాం. ఎడమ మార్జిన్ ఎంత, అధ్యాయం పేరు ఎంత సైజులో ఉండాలి, విషయసూచిక ముందా కృతజ్ఞతలు ముందా, ఇవే. ఒక్క రాగం ఒక్క చరణం పాడి వినిపించమని ఎవరూ అడగలేదు. పాటలు రికార్డు చేసి సీడీలో ఇచ్చాం, అది కవర్లోంచి బయటికి రాలేదు. వచ్చినా మా డిపార్ట్‌మెంటులో ఇప్పుడున్న ఏ కంప్యూటరుకీ సీడీ పెట్టే చోటు లేదు.

ఆ సిమిలారిటీ రిపోర్టు గొడవ ఇంకోటి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పది శాతం దాకా పరవాలేదు. మాకు మొదటిసారి పదిహేడు వచ్చింది. ఎరుపు రంగు పడ్డవన్నీ తెరిచి చూస్తే, సగానికి పైగా కీర్తనల సాహిత్యం. త్యాగయ్యగారి కీర్తన త్యాగయ్యగారు రాసినట్టే ఉండాలి కదా! మూలం చెప్పి ఉటంకించినది లెక్కలోకి రాదని ఆ నిబంధనల్లోనే ఉంది. అయినా ఒక్కో పేజీకీ వివరణ రాసి, సంతకం పెట్టి, మళ్లీ పంపి, జవాబు కోసం ఎదురుచూసి, పదకొండు రోజులు పట్టింది. ప్రూఫు దిద్దడానికని మేము పక్కన పెట్టుకున్నవి ఆ పదకొండు రోజులే. మిగిలిన రెండు రోజుల్లో అమ్మాయి మొదటి నాలుగు అధ్యాయాలు చదివింది, నేను ఐదోది చదివాను. అనుబంధం పాతదే కదా, మార్పేముంటుంది అని ఇద్దరం వదిలేశాం. గైడుగా సంతకం పెట్టింది నేను. ఆ కుర్రాడి మీద అంత అరవాల్సింది కాదేమో.

మా నాన్న గుర్తొచ్చారు. మధ్యాహ్నం నుంచీ గుర్తొస్తూనే ఉన్నారు.

1997లో నా థీసిస్. అప్పట్లో డీటీపీలో స్వరాలు టైపు చేసేవాళ్లు, చుక్కలు వచ్చేవి కావు. ప్రింటు తీసుకెళ్లి చేత్తో పెట్టుకోమనేవాళ్లు. సామర్లకోటలో రైల్వే క్వార్టర్సు, వేసవి. ముందు గదిలో చాప పరిచి నాలుగు కాపీలు నాలుగు వరసలుగా పేర్చాను. సన్న పాళీ డ్రాయింగు పెన్ను, నల్ల సిరా. నాన్న గూడ్సు ఆఫీసులో క్లర్కు, డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి వచ్చి కూర్చునేవారు. ఆయనకి సంగీతం రాదు. సరిగమలు ఏడని తెలుసు, అంతే. కానీ ముప్ఫై ఏళ్లుగా రిజిస్టర్లలో అంకెల పక్కన టిక్కులు పెట్టిన చెయ్యి, వణికేది కాదు. నేను నా రాతప్రతి పట్టుకుని చెప్పేదాన్ని, ఆయన పెట్టేవారు. "ధ కింద." "ని కింద." "స పైన." ధ దగ్గర ఆగేవారు. దాని కింద ఎలాగూ ఒత్తు గీత ఉంటుంది, చుక్క దానికి తగిలితే సిరా కలిసిపోయి కనిపించదు. అందుకని ఒక వెంట్రుకవాసి కిందికి పెట్టేవారు. రి మీద, ని మీద గుడి ఉంటుంది, తారస్థాయి చుక్క దానికి అంటుకోకుండా కొంచెం పైకి. ఇవేవీ నేను చెప్పలేదు, ఆయనే కనిపెట్టుకున్నారు. ఎక్కడైనా సిరా ఎక్కువ పడితే సుద్దముక్క కొన అద్ది పీల్పించేవారు. ఫ్యాను గాలికి కాయితాలు లేస్తాయని ఫ్యాను కట్టేయించారు. ఆ ఎండాకాలంలో! అమ్మ వాకిట్లో మంచం వేసుకుని "తండ్రీకూతుళ్లకి పిచ్చెక్కింది" అనేది, మళ్లీ తనే మజ్జిగ తెచ్చి ఇచ్చేది.

మూడో రోజు రాత్రి ఆయన పెన్ను ఆపారు. "అమ్మడూ, ఇక్కడ ఒకటి వదిలేశావు చూడు" అన్నారు. "ఎలా తెలుసు నాన్నా?" అన్నాను. "ఇదే మాట ఈ పాటలో మూడుసార్లు వచ్చింది. రెండుసార్లు కింద పెట్టించావు. ఇక్కడ చెప్పలేదు" అన్నారు. చూస్తే నిజమే. నా రాతప్రతిలోనే తప్పుంది. రెండేళ్లు ఆ పాట నేను పాడాను, మా గురువుగారు రెండుసార్లు దిద్దారు. సంగీతం రాని మా నాన్న పట్టుకున్నారు. అక్షరాన్ని అక్షరంగా చూసినందుకు.

రాస్తూ ఉంటే ఎక్కడికో వెళ్లిపోయాను. అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు.

షాపు నుంచి తిరిగొచ్చాక అమ్మాయితో ఏమన్నానంటే, "ఇలాగే సబ్మిట్ చేసేద్దాం, తప్పొప్పుల పట్టిక ఒకటి అతికిద్దాం" అన్నాను. శుక్రవారం ఆఖరు తేదీ. దాటితే తను మళ్లీ ఫీజు కట్టి గడువు పొడిగించుకోవాలి. బస్సులో వస్తూ ఇంకా దూరం ఆలోచించాను. నొటేషను చూసి ఈ అమ్మాయి ఒక్క పాటైనా నేర్చుకుందా? నా ఎదురుగా కూర్చుని నేర్చుకుంది. ఫోనులో రికార్డు చేసుకుని వందసార్లు వింది. మన సంగీతం నోటి నుంచి చెవికి వచ్చింది, కాయితం ఎప్పుడూ గుర్తు చేసుకోవడానికే. చుక్కలు లేనంత మాత్రాన ఎవరికి నష్టం? రాత్రి ఎనిమిది దాకా ఇదే నా అభిప్రాయం, నిజంగానే.

ఎనిమిది తర్వాత ఐదో అధ్యాయం మళ్లీ తీశాను. తను కంప్యూటరుతో చేసిన అధ్యాయం అది. పాడినదాన్ని ప్రాట్ అనే సాఫ్ట్‌వేరులో పెట్టి, గొంతు ఎక్కడ పైకి వెళ్లిందో ఎక్కడ దిగిందో చూపే శ్రుతి గీత తీసింది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో ఉచ్చారణ పరిశోధన కోసం తయారైన ఉచిత సాఫ్ట్‌వేరు అది, పాటకీ పనికొస్తుంది. ఈ రాగాలు మధ్యమ శ్రుతిలో పాడతాం కదా, అంటే తంబూరా మధ్యమాన్నే (మ) షడ్జం చేసుకుంటాం. ఐదు శ్రుతి గొంతుకి షడ్జం 196 హెర్ట్జ్ దగ్గర ఉంటే, అది 261 దగ్గరికి జరుగుతుంది. షడ్జం ఎక్కడుందో వెతకడానికి తను రాసుకున్న చిన్న ప్రోగ్రాం అది తెలియక ఐదారుసార్లు తప్పు చోట చూపించింది. రెండు నెలలు తిప్పలు పడి తనే సరిచేసింది. ఆ రోజు డిపార్ట్‌మెంటు వరండాలో పరిగెత్తుకుంటూ వచ్చి లాప్‌టాప్ నా చేతిలో పెట్టింది. కురంజి గీత. షడ్జం నుంచి ని దగ్గరికి కాస్త వాలి, అక్కడ సన్నగా ఊగి, మళ్లీ పైకి. అచ్చం ఉయ్యాల. నేను నలభై ఏళ్లుగా పాడుతున్నది కంటితో అప్పుడే చూశాను.

ఇప్పుడు పుస్తకంలో ఆ గీత కింద నొటేషను ఉంది. గీత కిందికి దిగుతోంది. దాని కిందనే ఉన్న అక్షరం పైకి వెళ్లమంటోంది. ఇంకో ముప్ఫై ఏళ్లకి మమ్మల్నెవర్నీ ఎరగని పిల్ల ఎవరో ఈ పేజీ తీస్తే, దేన్ని నమ్మాలి? గీతే తప్పనుకుంటే? ప్రోగ్రాం షడ్జాన్ని తప్పుగా పట్టిందనుకుంటే? ఆ రెండు నెలల కష్టం అబద్ధమైపోతుంది. పాడి వినిపించడానికి మేము పక్కన ఉండం. మధ్యాహ్నం నేనన్న మాట తప్పు.

యూనికోడ్‌లో తెలుగుకి 128 గళ్లు ఇచ్చారు. మంద్రస్థాయి చుక్కకని అందులో విడిగా చోటు లేదు. వేరే లిపుల కోసం పెట్టిన చుక్క తెచ్చి తగిలించొచ్చు, ఇప్పుడే ప్రయత్నించాను కూడా. నా దగ్గరున్న ఫాంట్లలో అది అక్షరం కిందికి రాకుండా పక్కకి జరిగి కూర్చుంటోంది. 1904లో ఎట్టయాపురంలో సుబ్బరామ దీక్షితులుగారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని, నొటేషన్ల పెద్ద గ్రంథం, తెలుగు లిపిలో అచ్చయింది. స్వరాన్ని ఊపే, జార్చే తీరులు ఒక్కోదానికీ, కంపితానికి, నొక్కుకి, రవకి, ఎక్కుజారుకి, దిగుజారుకి వేరువేరు గుర్తులు, అన్నీ అచ్చులోకి తెచ్చారు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటిగా కూర్చే రోజుల్లో! అది తలుచుకుంటే ఏడుపొస్తుంది.

మూడు వారాల కిందట అమ్మాయే అడిగింది, "మేడం, నొటేషను చేత్తో రాసి స్కాన్ చేసి పెడదామా?" అని. పాతకాలంగా ఉంటుంది, వద్దన్నాను. అది గుర్తొచ్చి తొమ్మిదిన్నరకి ఫోన్ చేశాను. సాహిత్యంలో సున్నాలు తను ఈ రాత్రికి దిద్దుతుంది. రేపు విడి కాయితాల మీద ప్రింటు తీసి, చుక్కలు చేత్తో పెట్టి, స్కాన్ చేసి, అనుబంధం ఒక్కటీ విప్పి మళ్లీ కుట్టిద్దాం. శుక్రవారానికి అవుతుందా అంటే, అవుతుంది మేడం అంది. గొంతు తేలికపడింది తనకి.

బీరువాలోంచి నా థీసిస్ తీశాను. నాన్న పెట్టిన చుక్కలు కొంచెం గోధుమరంగు తిరిగాయి. ధ కింద ఒక వెంట్రుకవాసి దూరం అలాగే ఉంది.

రేపటి కోసం అమ్మాయి అనుబంధం పాత రాతప్రతి ముందు పెట్టుకుని లెక్కపెడుతున్నాను. కురంజి ఒక్కదానికే 64 వచ్చాయి. నవరోజుకి 90 దాటాయి, ఇంకా ఒక చరణం ఉంది. పై చుక్క ఇంతవరకు ఒక్కటీ తగల్లేదు. తగలదు కూడా. అన్నీ కింది చుక్కలే.