పాలిటెక్నిక్‌లో చేరిన పిల్లల్ని మొదటి ఏడాది దాటించడం

పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) రాసి విశాఖ కంచరపాలెం పాలిటెక్నిక్‌లోనో, భీమిలి మహిళా పాలిటెక్నిక్‌లోనో సీటు తెచ్చుకున్న పిల్లలకు పదో తరగతి మార్కులు బాగానే ఉంటాయి. మ్యాథ్స్‌లో తడబడతారంటే లోపం ఎక్కువసార్లు ఏడు నుంచి తొమ్మిదో తరగతి లెక్కల్లో ఉంటుంది. పార్షియల్ ఫ్రాక్షన్స్‌నే చూడండి, అంటే ఒక భిన్నాన్ని చిన్న భిన్నాల మొత్తంగా రాయడం. హారాన్ని కారణాంకాలుగా విడగొట్టడం రాకపోతే లెక్క మొదటి వరుసలోనే ఆగిపోతుంది. విడగొట్టినా, పైన ఉండే స్థిరాంకాల విలువలు తేవాలంటే జత సమీకరణాలు సాధించగలగాలి. టాపిక్ మళ్లీ మళ్లీ చెప్తే లాభం లేదు, ఆ కింది మెట్టు కట్టాలి.

అందుకే క్లాసులు మొదలైన వారంలోనే 20 నిమిషాల్లో 10 ప్రశ్నలు రాయించండి. మూడు బై నాలుగులోంచి అయిదు బై ఆరు తీసివేత, రెండు కారణాంకాల లెక్కలు, ఒక జత సమీకరణం, సైన్ 60 విలువ, మిల్లీమీటర్లను మీటర్లలోకి మార్చడం, ఇలాంటివి. మార్కులు వేయొద్దు. ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగారో చూసి ఆరేడుగురి జట్లు చేయండి. ఈ జట్లకు ఆ కింది మెట్టు చెప్పే క్లాసు మధ్యాహ్నం లైబ్రరీ పీరియడ్‌లో పెట్టాలి. సాయంత్రం పెడితే అనకాపల్లి వైపు, ఎస్.కోట వైపు వెళ్లేవాళ్లు బస్సు కోసం లేచిపోతారు. నిజానికి అవసరం ఎక్కువగా ఉండేది వాళ్లలోనే.

హాజరు సంగతి పిల్లలకు శాతాల్లో చెప్తే ఎక్కదు, రోజుల్లో చెప్పాలి. 180 పనిదినాల ఏడాదిలో 75 శాతమంటే 135 రోజులు. మొదటి 60 రోజుల్లో 25 పోగొట్టుకున్నవాడు మిగిలిన 120లో 100 రోజులు రావాలి. పెళ్లి ముహూర్తాల్లో క్యాటరింగ్‌కు వెళ్లి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరే కుర్రాడికి అది కష్టమే. మానేయమని తిడితే పని మానడు, కాలేజీ మానేస్తాడు. శని, ఆదివారాల ముహూర్తాలకే ఒప్పుకోమనండి, అది వింటాడు. 65 శాతం పైన ఉంటే మెడికల్ సర్టిఫికెట్, రుసుముతో గట్టెక్కవచ్చు. అంతకంటే దిగితే డిటెన్షనే, అంటే ఆ ఏడాది మళ్లీ చదవాల్సిందే. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ 75 శాతం అడుగుతారు, ఈ మాట తల్లిదండ్రులకు కూడా చెప్పాలి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు నిఘంటువు కన్నా పాత ప్రశ్నపత్రాలు మేలు. డిఫైన్ అంటే రెండు వాక్యాలు, డిస్టింగ్విష్ అంటే రెండు నిలువు గడుల పట్టిక, డెరైవ్ అంటే బొమ్మతో సహా ప్రతి మెట్టూ. ఇది తెలియక తెలిసిన జవాబుకే సగం మార్కులు పోగొట్టుకుంటారు.

బీటెక్ రెండో ఏడాదిలో చేరడానికి రాసే ఈసెట్‌లో 200 మార్కులకు మ్యాథ్స్ 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25. ఈ మూడింటిలో చాలా భాగం ఈ మొదటి ఏడాది చదివేదే. పరీక్షలు కాగానే నోట్సులు పాత పేపర్లవాడికి వేయొద్దని ముందే చెప్పండి.