ఎర్ర బటన్

ఆదివారం, రాత్రి.

పొద్దున అటక దులుపుతుంటే ఫ్లిప్ కెమెరా దొరికింది. 2010లో అన్నయ్య అమెరికా నుంచి వస్తూ తెచ్చింది. గుప్పిట్లో పట్టేంత చిన్న వీడియో కెమెరా. అప్పట్లో బ్యాటరీలు తీసేసి దాచడం ఎంత మంచిదైందో! పెదవాల్తేరులో మా సందు చివరి కొట్టుకెళ్ళి రెండు పెన్సిల్ సెల్స్ తెచ్చి వేశాను. వెలిగింది.

మా ఇంట్లో దీన్ని అందరికంటే ఎక్కువ వాడింది మామ్మ. నాన్న హ్యాండీక్యామ్ జోలికి ఆవిడ ఎప్పుడూ వెళ్ళలేదు. దీనికేమో వెనక మధ్యలో ఒక ఎర్ర బటన్. "ఇది నొక్కితే సరిపోద్దేట్రా?" అని ఒక్కసారే అడిగింది. తర్వాత ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. పక్కనున్న మీట జరిపితే యూఎస్‌బీ బయటికి వస్తుంది, కంప్యూటర్‌కి నేరుగా పెట్టేయడమే. కేబుల్ వెతుక్కునే పని లేదు.

దీన్ని తయారుచేసింది ప్యూర్ డిజిటల్ అనే చిన్న కంపెనీ. 2009లో సిస్కో దాదాపు 59 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి కొనేసింది. 2011 ఏప్రిల్‌లో ఫ్లిప్‌ని మూసేస్తున్నామని ప్రకటించింది. సుమారు 550 మంది ఉద్యోగాలు పోయాయి. రెండేళ్ళు, అంతే. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఫోన్లలో వీడియో వచ్చి దీన్ని మింగేసిందంటారు. 2009లోనే ఐఫోన్ 3జీఎస్‌లో వీడియో వచ్చింది, కాదనను. కానీ గోప్రో ఉన్నదీ ఆ రోజుల్లోనే కదా! అలల మీద సర్ఫింగ్ చేసేవాళ్ళ కోసం పుట్టిన కెమెరా అది. ఫోన్ చేయలేని పనిని గట్టిగా పట్టుకుని నిలబడింది, 2014లో స్టాక్ మార్కెట్‌కి కూడా వచ్చింది. ఫ్లిప్‌కీ అలాంటి దారి ఒకటి వెతికిపెట్టే మనుషులు కావాల్సింది. సిస్కో రౌటర్లు, స్విచ్‌లు లాంటి నెట్‌వర్క్ సామాన్లు పెద్ద పెద్ద కంపెనీలకు అమ్మే సంస్థ. ఎర్ర బటన్ నొక్కి మురిసిపోయే ముసలావిడ కోసం ఏం చేయాలో వాళ్ళకి తెలియలేదనే నా నమ్మకం. తెలియనప్పుడు కొనకుండా ఉండాల్సింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ల్యాప్‌టాప్‌కి పెట్టి చూశాం. మామ్మ కైలాసగిరి మీద తీసింది ఒకటుంది. హుద్‌హుద్‌ తుఫానుకి నాలుగేళ్ళ ముందు సంగతి, కొండ నిండా చెట్లే. ఫ్రేము ఓ పక్కకి ఒరిగింది, మూలన ఆవిడ వేలు. కింద సముద్రం, దూరంగా ఓ ఓడ. "అదుగో ఓడ, సూడండ్రా, సూడండి" అంటోంది. ఆవిడ మనిషిగా ఒక్క క్షణం కూడా కనబడదు, గొంతే.

అమ్మ చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. అయిపోగానే "మళ్ళీ పెట్టు" అంది.