పాట దగ్గరే దిగిన మేఘం

"పాటలయ్యేలోపు వెళ్తే చాలు, వాక్యం అందుతుంది." ఆదివారం పొద్దున మన ఇళ్లలో ఈ మాట ఎంత తేలిగ్గా వస్తుందో! విన్నప్పుడల్లా నాకు రెండవ దినవృత్తాంతములు 5వ అధ్యాయం గుర్తొచ్చి మనసు కష్టపడుతుంది.

సొలొమోను రాజు కట్టించిన దేవుని మందిరంలో 120 మంది యాజకులు బూరలు ఊదుతున్నారు. గాయకులైన ఆసాపు, హేమాను, యెదూతూను తమవాళ్లతో కలిసి బలిపీఠానికి తూర్పున నిలబడ్డారు. అందరూ "ఏకస్వరముతో" ఆయన కృప నిరంతరముండును అని స్తుతించగానే మందిరం మేఘంతో నిండిపోయింది. యాజకులు నిలబడి సేవ చేయలేకపోయారు. సొలొమోను మోకాళ్లూని ప్రార్థించింది ఆ తర్వాతి అధ్యాయంలో. అంటే ఆ ప్రార్థన ఇంకా మొదలే కాలేదు, మహిమ దిగివచ్చేసింది!

ఈ వచనం దగ్గర, గుడిలో ఆర్గాన్ వాయించే ఒక ఆర్గనిస్టు తన చేత్తో రాసుకున్న మాట ఉంది. ఆయన పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ సంగీతకర్త జొహాన్ సెబాస్టియన్ బాఖ్. 1733 అని వేసి సంతకం చేసుకున్న తన బైబిలు వ్యాఖ్యానం అంచున, భక్తితో చేసే సంగీతంలో దేవుడు ఎప్పుడూ తన కృపతో సన్నిధిగా ఉంటాడని జర్మన్‌లో రాసుకున్నాడు. ఆ "ఎప్పుడూ" దగ్గరే నేను ఆగిపోతాను.

ఆ మాట సుఖంగా బతికినవాడు రాసింది కాదు. పదేళ్లు నిండకముందే తల్లీతండ్రీ పోయారు. 18 ఏళ్లకు ఆర్న్‌ష్టాట్ అనే జర్మన్ ఊరి గుడిలో ఆర్గాన్ ముందు కూర్చుంటే, కీర్తనల్లో వింత స్వరాలు కలిపి సంఘాన్ని తికమక పెడుతున్నావని పెద్దలు మందలించారు. 1720లో ఊరి నుంచి తిరిగొచ్చేసరికి భార్యను సమాధి కూడా చేసేశారు. ఇరవై మంది పిల్లల్లో సగం మంది చిన్నతనంలోనే పోయారు. అయినా 1723లో లైప్‌జిగ్ వచ్చాక, మొదటి ఏళ్లలో దాదాపు ప్రతి ఆదివారానికీ ఒక కొత్త ఆరాధన సంగీతం. ఎన్నో రచనల చివర, దేవునికి మాత్రమే మహిమ అని లాటిన్‌లో మూడు పొడి అక్షరాలు.

దయచేసి మొదటి పాటకు ముందే వచ్చి కూర్చోండి. కీబోర్డు అబ్బాయి వాయిస్తుంటే ఫోను తీయకండి. పాడే పిల్లలారా, స్తుతి మధ్యలో సౌండ్ బాక్సుల గురించి సైగలు వద్దమ్మా.

మా నాన్న గుడిలో హార్మోనియం వాయించేవారు. కుడిచేయి మెట్ల మీద, ఎడమచేయి తిత్తి మీద. బాఖ్ రోజుల్లో ఆర్గాన్ తిత్తుల్ని వెనకాల మనుషులు తొక్కితేనే గొట్టాల్లోకి గాలి వచ్చేదని చదివినప్పుడు, నాకు నాన్న ఎడమచేయే కళ్లముందు కదిలింది. ఒకసారి పెద్ద వాన. ఆరాధన వేళకు గుడిలో అయ్యగారు, అమ్మ, నేను, అంతే. ఒక్క చరణంతో ఆపేద్దామా నాన్నా అని అడిగాను. ఆయన నావైపు చూడకుండానే రెండో చరణం ఎత్తుకున్నారు.