నిజమైన ‘చాలు’

ఈసారి విశాఖపట్నం వచ్చిన మూడో రోజునే మా పన్నెండేళ్ల పెద్దవాడు అమ్మమ్మ మనసు నొప్పించాడు. పెదవాల్తేరులో మా అమ్మ ఇల్లు. పొద్దున్నే రెండు పెసరట్లు తిని చాలన్నాడు. ఆమె మూడోది వేసింది. “చాలని చెప్పాను కదా అమ్మమ్మా, ఎందుకు వినవు?” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. అమ్మ మాత్రం అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

తప్పు వాడిదని నేననుకోను. ప్యారిస్‌లో పుట్టి పెరిగిన పిల్లవాడు. అక్కడ వడ్డించబోయినప్పుడు తల కాస్త అడ్డంగా ఊపి ‘మెర్సీ’ (థాంక్స్) అంటే వద్దనే అర్థం. గరిటె వెనక్కి వెళ్లిపోతుంది. కాదని మళ్లీ వడ్డిస్తే ఎదుటివారి మాటకు విలువ ఇవ్వనట్టు. మన దగ్గర మొదటి ‘చాలు’ను ఎవరు నమ్ముతారు? విస్తరి మీదకు వంగి రెండు చేతులూ అడ్డం పెట్టేదాకా వడ్డన ఆగదు. వాడికి అక్షరాలు నేర్పాను, పద్యాలు నేర్పాను. ఇది చెప్పాలని మాత్రం నాకు ఎన్నడూ తోచలేదు. ఆ రాత్రి పక్క మీద కూర్చోబెట్టుకుని చెప్పాను. “మరి నిజంగా చాలనుకుంటే ఏమనాలి?” అని అడిగాడు. మాటతో కాదు, చేత్తో చెప్పాలన్నాను.

శనివారం అన్నయ్య పదకొండు మందినీ బీచ్ రోడ్డు వైపున్న ఒక రెస్టారెంటుకు తీసుకెళ్లాడు. చైనా వంటనూ ఫ్రెంచి వంటనూ కలిపి వండే చోటు. పిల్లలకు ఇల్లు గుర్తుకొస్తుందని అతని ఆశ. ఆ ఆశ సరైనదే. మేముండేది ప్యారిస్ 13వ వార్డులో. 1975 తరువాత వియత్నాం, కంబోడియా, లావోస్‌ల నుంచి వచ్చిన చైనా కుటుంబాలు ఎన్నో అక్కడి ఎత్తయిన భవనాల్లో స్థిరపడ్డాయి. మావాడి ప్రాణస్నేహితుడు అలాంటి ఇంటి మనవడే. చైనా కొత్త సంవత్సరం రోజున ఏటా వాళ్లింట్లోనే మావాడి భోజనం.

ఎవరి పళ్లెం వారికి వరుసగా తెమ్మంటారా, అన్నీ మధ్యలో పెట్టమంటారా అని అడిగారు. మొదటిది ఫ్రెంచి పద్ధతి. ఆ భోజన క్రమాన్ని యునెస్కో 2010లో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది కూడా. రెండోది చైనా పద్ధతి. “మధ్యలోనే పెట్టండి, అందరం తింటాం” అంది వదిన. గుండ్రటి బల్ల, దాని మీద తిరిగే అద్దం పలక. బాతు మాంసాన్ని దాని కొవ్వులోనే నెమ్మదిగా ఉడికించి, ఆవిరి మీద ఉడికిన తెల్లటి బన్నులో పెట్టి తెచ్చారు. బన్ను తీపి ఎక్కువై బాతు రుచి తెలియలేదు. చందువ చేప మాత్రం అద్భుతం. తలతో సహా ఆవిరి మీద ఉడికించి, వెన్న, వెనిగర్ కలిపిన సాసు పోసి, పైన సన్నగా తరిగిన అల్లం చల్లారు. సముద్రం ఎదురుగా ఉన్న ఊళ్లో చేపను ఇంత తేలిగ్గా, మసాలా మోత లేకుండా వండవచ్చని నాకు ఇన్నాళ్లూ తట్టనే లేదు.

అమ్మ మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జీవితమంతా అందరికీ వడ్డించి చివర తిన్న మనిషి. గరిటె చేతిలో లేకపోతే ఆమెకు ఏం చేయాలో తోచదు. అది నాకు అప్పుడే కనిపించింది. లేచి ఆమె దగ్గరికి వెళ్లబోయాను.

అంతలో పెద్దవాడు అద్దం పలకను మెల్లగా తిప్పాడు. చేప తల అమ్మమ్మ ముందుకు వచ్చి ఆగింది. “పెద్దవాళ్ల వైపే తల ఉండాలి, మా స్నేహితుడి ఇంట్లో అంతే” అన్నాడు. వడ్డన కోసం విడిగా పెట్టిన చాప్‌స్టిక్ పుల్లలతో చెక్కిలి దగ్గరి మెత్తటి ముక్క తీసి ఆమె పళ్లెంలో పెట్టాడు. ఇంకోటి పెట్టాడు.

“చాలు నాన్నా” అంది అమ్మ.

వాడు పుల్లలు గాలిలోనే ఆపి నా వైపు చూశాడు. “ఇది నిజమైన చాలేనా అమ్మా?”

“అమ్మమ్మ చేతులు చూడు” అన్నాను.

చేతులు ఇంకా ఒళ్లోనే ఉన్నాయి. వాడు మూడో ముక్క పెట్టాడు.