ఒకరి ఊపిరి మీద నిలిచిన కొలువు

ఇజ్రాయెల్‌లోని రామత్ గన్‌లో నేను చూసుకున్న సవ్తా పుట్టింది బాగ్దాద్‌లో. ఇక్కడ అవ్వను సవ్తా అంటారు, తాతను సబా అంటారు. టెల్ అవీవ్‌ను ఆనుకుని ఉండే ఈ ఊళ్లో ఇరాక్ నుంచి వచ్చిన యూదు కుటుంబాలు చాలా ఉన్నాయి. 1950, 51లో సుమారు 1,20,000 మందిని అక్కణ్నుంచి విమానాల్లో ఇజ్రాయెల్‌కు తీసుకొచ్చారు. మనిషికి ఒక సూట్‌కేసు, పెద్దవాళ్లకైతే 50 దీనార్లు, అంతకుమించి వెంట తెచ్చుకోనివ్వలేదు. ఇల్లూ వాకిలీ అక్కడే వదిలేసి వచ్చి, ఇక్కడ గుడారాల్లో బతుకు మొదలుపెట్టారు. వాళ్లలో పెళ్లీడు రాని పిల్లగా వచ్చింది మా సవ్తా. నేను ఆ ఇంట్లో చేరేసరికి ఆమెకు ఎనభై దాటి చాలా ఏళ్లయింది. తుంటి ఎముక విరిగి అతుక్కుంది. మతిమరుపు జబ్బు ముదురుతోంది.

మాది జగిత్యాల దగ్గర పల్లె. అమ్మ, వదినెలు, నేను అందరం బీడీలు చుట్టినవాళ్లమే. మా దిక్కు మగవాళ్లు దుబాయికో మస్కట్‌కో పోవడం ఎప్పటినుంచో ఉంది. ఆడవాళ్లు, కొందరు మగవాళ్లు కూడా, ఇజ్రాయెల్ దారి పట్టారు. ముసలివాళ్ల ఇంట్లోనే ఉంటూ రాత్రింబవళ్లు వాళ్లను చూసుకోవాలి. భర్తను, పిల్లలను వెంట తెచ్చుకునే వీలు లేదు. లక్షల్లో అప్పు చేసి ఏజెంటు చేతిలో పోసి వచ్చినవాళ్లే మాలో ఎక్కువ. ఆ అప్పు తీరేదాకా ఎవరికీ కంటి మీద కునుకు ఉండదు.

పని ఏమిటని ఊళ్లో అడిగితే స్నానం చేయించడం, తినిపించడం, మందులు వేయడం అని చెప్తాం. అది సగమే. మిగతా సగం పక్కన ఉండటం. మధ్యాహ్నం దాకా సవ్తా బాగానే ఉండేది. దోసకాయ, టమాటా సన్నగా తరిగి నిమ్మరసం పిండితే తినేది, ముక్కలు కొంచెం పెద్దవైతే చెంచాతో పక్కకు నెట్టేసేది. పొద్దు వాలేటప్పటికి మనిషి మారిపోయేది. హీబ్రూ పోయి బాగ్దాద్ అరబీ వచ్చేది. బీరువా తెరిచి బట్టలన్నీ మంచం మీద పడేసి, విమానం వచ్చిందా, అమ్మ ఎక్కడుంది అని అడిగేది. మొదట్లో ఆమె కూతురు ఫోన్‌లో, “అమ్మా, నువ్వు ఇంట్లోనే ఉన్నావు, అమ్మమ్మ పోయి నలభై ఏళ్లయింది” అని చెప్పి చూసింది. చెప్పిన ప్రతిసారీ తల్లి చావు అప్పుడే తెలిసినట్టు సవ్తా గుండెలు బాదుకుని ఏడ్చేది. అది చూశాక, ఆ మాట ఇంకెప్పుడూ అనొద్దని కూతుర్ని బతిమాలాను.

ఆ తర్వాత నేనూ సవ్తాతో పాటు కూర్చుని బట్టలు మడత పెట్టేదాన్ని. జాకెట్టు, స్కార్ఫు, ఊలు శాలువా, ఒక్కోటీ ఆమె చేతికిస్తే అరచేత్తో ముడతలు సాపు చేసి పెట్టెలో పెట్టేది. చిన్నప్పుడు ఎండాకాలం రాత్రులు అందరూ మిద్దె మీద పడుకునేవాళ్లమని, నీళ్లు చల్లగా ఉండాలని కుండకు తడిగుడ్డ చుట్టేవాళ్లమని సగం అరబీలో, సగం హీబ్రూలో చెప్పేది. మా ఊళ్లోనూ అంతేనని నేను చెప్తే నమ్మకం కుదిరినట్టు తలాడించేది. పెట్టె నిండేసరికి కళ్లు వాలిపోయేవి. ఆమె పడుకున్నాక బట్టలన్నీ తీసి మళ్లీ బీరువాలో సర్దేదాన్ని. మర్నాడు సాయంత్రానికి మళ్లీ కావాలి కదా. ఈ పని ఏ కాగితంలోనూ ఉండదు. జాతీయ బీమా సంస్థ నుంచి వచ్చి పరీక్షించే మనిషి, తనంతట తాను లేస్తుందా, బట్టలు వేసుకుంటుందా, మూత్రం ఆపుకోగలదా అని అడిగి రాసుకుంటుంది. సాయంత్రం బాగ్దాద్ వెళ్లిపోయే మనిషికి ఎవరు తోడుండాలో రాయడానికి అందులో గడి లేదు.

కుర్చీలోకి మార్చడం కూడా ఒక విద్యే. వచ్చిన కొత్తలో బరువంతా నడుము మీద వేసుకుని ఎత్తేవాళ్లు చాలామంది, రెండేళ్లకే నడుములు పోతాయి. ముందు చక్రాల కుర్చీ బ్రేకులు వేయాలి. ఆమె పాదాలు నేలకు ఆనించాలి. నా మోకాళ్లు వంచి, ఆమె మోకాళ్లకు అడ్డం పెట్టి, ముందుకు వంగమని చెప్పి, ఆమె బరువు ఆమె కాళ్ల మీదికి వచ్చిన క్షణంలో తిప్పాలి. ఎత్తకూడదు, తిప్పాలి. లే, సవ్తా, మెల్లగా, మెల్లగా అంటూ ఉండాలి. చెప్పకుండా పట్టుకుంటే ముసలి ఒళ్లు భయంతో బిగుసుకుపోతుంది, అప్పుడు ఇద్దరం పడతాం. మంచాన పడ్డాక రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు మీద పుండ్లు పడతాయి. అలారం పెట్టుకుని లేచేదాన్ని.

శనివారం యూదులకు విశ్రాంతి రోజు, ఆ ఇంట్లో పండగే. శుక్రవారం పొద్దుగూకకముందే కోడి, బియ్యం కలిపి సన్నటి సెగ మీద పెట్టి రాత్రంతా మగ్గనిచ్చేవాళ్లు, గుడ్లు కూడా అందులోనే వేస్తే తెల్లారేసరికి గోధుమరంగుకు తిరిగేవి. ఎలా చేయాలో సవ్తా కూతురు నేర్పింది. పాలకూ మాంసానికీ వేరు వేరు గిన్నెలు, వేరు వేరు చెంచాలు. కలిస్తే పెద్ద రభస. వాళ్ల బల్ల మీద ఆంబా అని మామిడికాయతో చేసే పుల్లటి పసుపురంగు పచ్చడి సీసా ఎప్పుడూ ఉండేది. మొదటిసారి మూత తీస్తే మెంతుల వాసన గుప్పుమంది. బొంబాయిలో స్థిరపడ్డ బాగ్దాద్ యూదు వ్యాపారుల ద్వారా అది ఇరాక్ చేరిందంటారు. ఆ పూట అన్నంలో కలుపుకుని తిన్నాను. సవ్తా నన్నే చూస్తూ నా కంచంలో ఇంకో చెంచాడు వేసింది.

సెలవు రోజుకు టెల్ అవీవ్ దక్షిణాన మా తెలుగువాళ్లం కొందరం కలిసి ఒక గది అద్దెకు తీసుకున్నాం. శనివారం మామూలు బస్సులు నడవవు కాబట్టి శుక్రవారం ఎండ ఉండగానే చేరుకోవాలి. నేలంతా పరుపులు, ఒక మూల కుక్కరు, ఇంకో మూల వీడియో కాల్‌లో ఎవరో ఒకరి పిల్లలు. ఊళ్లో మా అత్తమ్మకు పక్షవాతం. ఆమెను చూసుకోవడానికి నేను ఇక్కడినుంచి పంపే పైసల్లోంచే ఒక పక్కింటామెకు జీతం ఇస్తున్నాం. ఆమె ఎలా ఎత్తుతుందో, ఎలా తిప్పుతుందో ఫోన్‌లో చూసి చెప్తుంటాను.

జీతం సంగతి. ఇజ్రాయెల్‌లో కనీస వేతనం మాకూ వర్తిస్తుంది. 2025 ఏప్రిల్‌లో అది నెలకు 6,247 షెకెళ్ల పైచిలుకు అయింది. ఓవర్‌టైం మాత్రం లేదు. యోలాండా గ్లూటెన్ అనే సంరక్షకురాలు దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2009లో ఓడిపోయింది, మళ్లీ విచారణ జరిగి 2013లో పెద్ద ధర్మాసనం కూడా అదే తేల్చింది. ఇంట్లోనే ఉండి చూసుకునేవాళ్లకు పనిగంటల చట్టం వర్తించదన్నారు. రాత్రి మూడింటికి లేచి తడిసిన పక్క మార్చిన గంట పనా, నిద్రా? చేసినవాళ్లను అడిగితే తెలుస్తుంది. ఆ తీర్పు అన్యాయమనే నేను అంటాను.

హమాస్ దాడి చేసిన 2023 అక్టోబరు 7న తెల్లవారుజామున సైరన్ మోగింది. మేమున్న దగ్గర సైరన్‌కూ రాకెట్‌కూ మధ్య 90 సెకన్లు ఉంటాయి. మాది పాత బిల్డింగు. ఇంట్లో కాంక్రీటు గది కట్టాలన్న నిబంధన 1990ల్లో వచ్చింది, అంతకుముందు కట్టిన వాటిలో మెట్ల దగ్గరికే పోవాలి. 90 సెకన్లలో మంచం మీది మనిషిని కుర్చీలోకి మార్చి, తలుపు తీసి, మెట్ల దగ్గరికి చేర్చడం అయ్యే పని కాదు. కిటికీ లేని నడవాలోకి మంచాన్నే లాగి, సవ్తా మీదికి వంగి కూర్చున్నాను. ఆమెకు 1941 గుర్తొచ్చింది. ఆ ఏడు జూన్‌లో బాగ్దాద్‌లో అల్లరి మూకలు యూదుల ఇళ్ల మీద పడి చంపిన రోజులు. “తలుపు గడియ పెట్టావా?” అని పదే పదే అడిగింది. పెట్టాను సవ్తా, పెట్టాను అంటూనే ఉన్నాను. అదే రోజు గాజా పక్కనున్న నీర్ ఓజ్‌లో ఇద్దరు కేరళ అక్కలు, తాము చూసుకుంటున్న వృద్ధులు ఉన్న గది తలుపు చొరబడ్డ సాయుధులు తెరవకుండా గంటల తరబడి పట్టుకుని నిలబడ్డారు. ఆ వార్త చూసి మా గదిలో అందరం ఏడ్చాం.

తర్వాతి చలికాలంలో సవ్తా పోయింది. నిద్రలోనే పోయింది. ఇక్కడ ఆలస్యం చేయరు, తెల్లగుడ్డ చుట్టి మర్నాటికల్లా మట్టిలో పెట్టారు. ఏడు రోజులు షివా, అంటే ఇంటివాళ్లు దుఃఖం పాటించే రోజులు. అద్దాల మీద గుడ్డలు కప్పి, కొడుకులు, కూతుళ్లు నేలబారు పీటల మీద కూర్చుంటే, వచ్చిన ప్రతి మనిషీ వాళ్ల చేయి పట్టుకుని పలకరించారు. నేను టీ అందిస్తున్నాను. ఆమె చివరి ముద్ద తినిపించింది నేను, చివరిసారి జుట్టు దువ్వింది నేను. నన్ను పలకరించినవాళ్లు తక్కువ. వాళ్లను తప్పుపట్టను, దుఃఖంలో ఉన్నారు. కానీ ఎనిమిదో రోజున ఇల్లు ఖాళీ చేయాలన్నప్పుడు నాకు పోయింది ఒక మనిషే కాదు. పడుకునే గది, జీతం, వీసా ఆధారం, అన్నీ ఆ ఒక్క ఊపిరి మీద నిలబడి ఉన్నాయి. ఏడవడానికి తీరిక లేక లిష్కాకు, అంటే మా పేరు నమోదు చేసుకునే ఏజెన్సీకి, ఫోన్ చేస్తూ గడిపాను. దేశంలో అడుగుపెట్టి 63 నెలలు దాటితే ఉన్న ఇంట్లో కొనసాగవచ్చు గానీ, సాధారణంగా కొత్త ఇంటికి మారనివ్వరు. నాకు ఆ గడువు ఇంకా మిగిలి ఉంది కాబట్టి బయటపడ్డాను. గదిలో నాతో ఉన్న నిజామాబాద్ అక్కకు మిగల్లేదు. ఆమె చూసుకునే సబా పోగానే టికెట్టు కొనుక్కుంది.

2023 మేలో భారత్, ఇజ్రాయెల్ కుదుర్చుకున్న ఒప్పందంలో 42,000 మందికి దారి తెరిచారు, అందులో 8,000 మంది మా పనికే. ఏజెంట్ల చేతిలో లక్షలు పోసేకన్నా సర్కారు దారిలో రావడం మేలు, వీలైనవాళ్లు అలాగే రండి. జీతం చీటీ ప్రతి నెలా అడిగి తీసుకోండి. ముసలివాళ్లు పోయాక వారసుల దగ్గర పిత్సుయిం, అంటే పనిచేసిన ఏళ్లకు రావాల్సిన డబ్బు, రాబట్టుకోవడానికి ఆ చీటీలే ఆధారం. ఇంకొకటి కూడా అడగండి. గివతాయిమ్‌లో ఇప్పుడు నేను చూసుకుంటున్న సబా ఇంట్లో చేరేటప్పుడు, ఆయనకు ఏదైనా జరిగితే నెల రోజులు అదే గదిలో ఉండనివ్వాలని అడిగాను. చేరకముందే చావు మాటా అని ఆయన కొడుకు మొహం మాడ్చుకున్నాడు. కూతురు మాత్రం కాసేపు ఆలోచించి, ఒప్పందం కాగితం చివర చేత్తో రాసి సంతకం పెట్టింది. దాన్ని ఫోటో తీసి మా గదిలో అందరికీ పంపాను. ఇప్పుడు కొత్త ఇంటికి వెళ్లే ప్రతి మనిషీ అది చూపించి అడుగుతోంది.